తూమూ, లష్కరూ
(తెరలో తెర ఉన్నప్పుడు కంట్రోలర్లను కలుపు విధానము)

మాది నస్రుల్లాబాద్ మండలం. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినది. అంతకు ముందు మాది నిజామాబాద్ జిల్లా. జిల్లా పేరు మారినా మా బతుకు మాత్రం నిజాంసాగర్ నీళ్లతోనే. మంజీర నది మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నుండి పెద్ద కాలువ వస్తుంది. పెద్ద కాలువ నుండి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుండి మైనర్లు, మైనర్ల నుండి పిల్ల కాలువలు, చివరకు పొలం మడి. ఒకదాని లోపల ఒకటి. ప్రతి మలుపులో ఒక తూము, తూము పలక ఎత్తడానికీ దించడానికీ ఒక లష్కరు.

కంప్యూటరు పాఠం చెప్తానని కాలువ సంగతి మొదలుపెట్టాడేమిటని విద్యార్థి మిత్రులు అనుకోవచ్చును. ఈ వ్యాసములో నేను చెప్పదలచుకున్న విషయము ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగులో ఒక చిన్న భాగము: తెరలో తెర, దానిలో మరొక తెర అమర్చినప్పుడు వాటిని నడిపే కంట్రోలర్లను ఒకదానితో ఒకటి ఎట్లా కలపవలెను? ఈ సంగతి నాకు క్లాసులో తలకెక్కలేదు. ఒక రైతు వడ్ల సంచుల ముందర తలదించుకుని నిలబడ్డనాడు తలకెక్కింది. కావున ఆ కథతో సహా చెప్తాను.

1. మాటల అర్థం

ప్రోగ్రాము వాడేవాడికి కనబడే గడులు, బటన్లు, పట్టికలు ఏ వరుసలో ఉండాలో చెప్పేది అమరిక, అనగా లేఅవుట్. బటను నొక్కితే ఏం జరగాలో చెప్పే ఆబ్జెక్టు కంట్రోలర్. అసలు సమాచారం, అనగా రైతు పేరు, సంచుల లెక్క మొదలైనవి దాచి పెట్టుకునేది మోడల్. చిన్న ప్రోగ్రాముకు ఒక అమరిక, ఒక కంట్రోలర్ సరిపోతాయి. ప్రోగ్రాము పెద్దదైన కొద్దీ ఒకే కంట్రోలరులో అన్నీ కుక్కితే అది వెయ్యి పంక్తులు దాటుతుంది. ఒకచోట ముట్టుకుంటే మరొకచోట చెడుతుంది. అందుచేత పెద్ద తెరను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు దాని అమరిక, దాని కంట్రోలర్ ఇచ్చి, ముక్కలన్నిటినీ ఒక పెద్ద అమరికలో పొదుగుతాము. దీనినే గూడులో గూడు అమరిక అనవచ్చును.

ముక్కలు చేయడం తేలికే. చేసిన ముక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడంలోనే చిక్కు ఉన్నది.

2. ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది

ఆబ్జెక్టు అనే భావనను ప్రోగ్రామింగులోకి తెచ్చినవారు నార్వే దేశస్థులైన ఓలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్. వారి సిములా 67 భాష దానికి మూలం. ఆ దేశస్థుడే అయిన ట్రిగ్వె రీన్స్‌కౌగ్ 1978-79లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలకు వెళ్లి, అక్కడ స్మాల్‌టాక్ భాష మీద పనిచేస్తూ మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే మూడు పాత్రల విభజనను ప్రతిపాదించాడు.

మనకు ముఖ్యమైన సంగతి ఏమంటే, స్మాల్‌టాక్-80లో కూడా తెరలో తెరలు ఉండేవి. ప్రతి వ్యూకు తన కంట్రోలర్ ఉండేది. పై కంట్రోలర్ తన లోపలి వ్యూలను వరుసగా అడిగేది: “అధికారం మీలో ఎవరికి కావాలి?” మౌసు బాణం ఎవరి హద్దులో ఉన్నదో వాళ్ల కంట్రోలర్ “నాకు” అనేది. పైది దానికి అధికారం అప్పగించి ఊరుకునేది. బాణం ఆ హద్దు దాటగానే అధికారం తిరిగి పైకి వచ్చేది. పెద్ద కాలువ ఇంజనీరు ప్రతి మడి దగ్గరికి నడిచిపోడు గదా, ఆ తూము లష్కరుకు అప్పజెప్తాడు. ఇది అచ్చం అట్లాంటిదే.

తర్వాత 1987లో ఫ్రాన్సుకు చెందిన జోయెల్ కుతాజ్ పి.ఎ.సి. అనే నమూనా చెప్పినది. దానిలో తెర మొత్తం ఒక చెట్టు. చెట్టులోని ప్రతి కణుపుకూ తన రూపం, తన సమాచారం, తన నియంత్రణ ఉంటాయి. ఒక కొమ్మ మరొక కొమ్మతో నేరుగా మాట్లాడదు. పై కణుపు ద్వారానే మాట్లాడుతుంది. ఈ నియమాన్ని గుర్తు పెట్టుకోండి, చివరలో మళ్లీ దీని పని పడుతుంది.

3. నా తప్పు

చదువు పూర్తయిన కొత్తలో, మా దిక్కు ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో లెక్కలు రాసుకోవడానికి నేను ఒక ప్రోగ్రాము రాసి ఇచ్చాను. ఎవరూ అడగలేదు, నేనే ఉత్సాహపడి రాశాను. జావా భాష, తెరల కొరకు జావాఎఫ్‌ఎక్స్. పెద్ద తెరలో మూడు చిన్న తెరలు: మొదటిది రైతు వివరాలు, రెండవది తూకం, మూడవది రసీదు. తూకం తెరలో ఒక్కొక్క సంచి 40 కిలోల చొప్పున చేరుతూ ఉంటుంది. రసీదు తెర ఆ మొత్తం తీసుకుని చీటీ అచ్చు వేస్తుంది.

మొదట ఒకే కంట్రోలరులో రాశాను. నడిచింది. తర్వాత పుస్తకంలో చదివిన ప్రకారం మూడు ముక్కలు చేశాను. చేయగానే ప్రధాన కంట్రోలర్ “తూకం కంట్రోలర్ ఖాళీ” అని నల్ పాయింటర్ దోషం చూపి ఆగిపోయింది. కారణం వెదకవలసింది పోయి, ఆ ఖాళీలో ‘న్యూ’ అన్న మాటతో ఒక కొత్త తూకం కంట్రోలరును సృష్టించి పెట్టాను. దోషం మాయమైంది. మూడు తెరలనూ విడివిడిగా పరీక్షించాను, బాగున్నాయి. కేంద్రంలో పెట్టాను.

వానకాలం పంట. సాయంత్రం పూట ఒక పెద్దమనిషి వడ్లు తూకానికి వచ్చినవి. తేమ 17 శాతం లోపే ఉన్నది, పేచీ లేదు. 62 సంచులు, అనగా 24 క్వింటాళ్ల 80 కిలోలు. తూకం తెర మీద 62 అని స్పష్టంగా కనబడుతోంది. రసీదు బటను నొక్కాను. చీటీ మీద ఆయన పేరు సరిగ్గా వచ్చింది. సంచులు: సున్న.

“ఏంది బిడ్డా, నా సంచులు యాడికి పోయినయ్?” అన్నాడాయన.

మళ్లీ నొక్కాను, సున్న. మూసి తెరిచాను, ఈసారి తూకం తెర మీది 62 కూడా పోయింది. లారీ నిండి పోయింది. మరో లారీ తెల్లవారితేగాని రాదన్నారు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది. ఆయన తన సంచుల పక్కనే టార్పాలిన్ కప్పుకుని పడుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది.

ఆయనను కాపాడింది నా ప్రోగ్రాము కాదు. మహిళా సంఘం తరఫున అక్కడ పుస్తకం రాసే అక్క, ప్రతి సంచికీ ఒక గీత చొప్పున తన రిజిస్టరులో రాసుకున్నది. ఉదయం ఆ గీతలు లెక్కబెట్టి చేతితో చీటీ రాసి ఇచ్చింది. “నీ డబ్బా కంటే నా పుస్తకమే నయం తమ్మీ” అన్నది. ఆ మాట నిజం గనుక నేను నోరు మెదపలేదు.

4. అసలు ఏమి జరిగింది

ఆ రాత్రి ఇంటికి పోయి పంక్తి పంక్తీ చదివినాను. తప్పు ‘న్యూ’ అన్న ఆ ఒక్క మాటలో ఉన్నది.

తెర మీద కనబడే తూకం అమరికకు జావాఎఫ్‌ఎక్స్ తనంతట తానే ఒక కంట్రోలరును పుట్టించి కట్టిపెట్టింది. బటను నొక్కినప్పుడల్లా సంచులు ఆ కంట్రోలరులోకే చేరుతున్నవి. నేను ‘న్యూ’తో పుట్టించినది అదే క్లాసుకు చెందిన రెండవ ఆబ్జెక్టు. పేరు ఒకటే, రూపం ఒకటే, కాని దానికి ఏ తెరా లేదు, ఏ బటనూ దానికి చెప్పదు. దాని సంచుల పట్టిక పుట్టినప్పటి నుండి ఖాళీ. రసీదు తెర పోయి ఆ రెండవదాన్ని అడిగింది. అది నిజమే చెప్పింది: సున్న.

మా భాషలో చెప్పాలంటే, తూము దగ్గర ఒక లష్కరు ఉండగానే నేను ఇంకొక లష్కరును తెచ్చి ఊళ్లో కూర్చోబెట్టి, నీళ్లెన్ని పోతున్నవని అతణ్ణి అడిగినట్లయింది. అతని చేతిలో తూము తాళం చెవి లేదు. నీళ్లు పోతూనే ఉన్నవి. అతనికి మాత్రం తెలియదు.

క్లాసు వేరు, ఆబ్జెక్టు వేరు అని మొదటి ఏడాదే చదువుకుంటాము. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాము. ఆ తేడా అర్థం ఇది.

5. సరైన పద్ధతి

ఇప్పుడు జావాఎఫ్‌ఎక్స్‌లో అమరికను చదివే లోడర్ వరుసగా ఏం చేస్తుందో చూద్దాం. ఈ వరుస తెలిస్తే సగం చిక్కులు విడిపోతాయి.

(అ) లోడర్ అమరిక ఫైలు తెరిచి, దానికి ఏ కంట్రోలర్ క్లాసు రాసి ఉన్నదో చూసి, ఆ క్లాసు ఆబ్జెక్టును తానే పుట్టిస్తుంది. ఈ సమయానికి కంట్రోలరులోని బటన్లు, గడులు ఇంకా ఖాళీయే. కనుక కన్‌స్ట్రక్టరులో వాటిని ముట్టుకోరాదు.

(ఆ) లోపల మరొక ఫైలును చేర్చమని ‘ఇంక్లూడ్’ పంక్తి కనబడితే, ఆ లోపలి ఫైలుకూ ఇదే తంతు మొదటి నుండి చివరి దాకా పూర్తి చేస్తుంది.

(ఇ) గుర్తు పేర్లను బట్టి బటన్లు, గడులు మొదలైనవాటిని కంట్రోలరులోని అదే పేరు గల స్థానాలలో నింపుతుంది.

(ఈ) అన్నీ నిండిన తర్వాత కంట్రోలరులోని ‘ఇనిషియలైజ్’ పద్ధతిని పిలుస్తుంది.

దీన్నిబట్టి తేలేదేమంటే, లోపలి కంట్రోలరు యొక్క ‘ఇనిషియలైజ్’ ముందు జరుగుతుంది, బయటిది తర్వాత జరుగుతుంది. పిల్ల కాలువ బాగు చేసిన తర్వాతే పెద్ద కాలువ తూము ఎత్తినట్లు.

ఇక పేరు నియమము. ఇంక్లూడ్ పంక్తికి ‘తూకం’ అని గుర్తు పేరు పెట్టినామనుకోండి. బయటి కంట్రోలరులో ‘తూకం’ అనే స్థానం ఉంటే లోపలి అమరిక దానిలోకి వస్తుంది. ‘తూకం’ తర్వాత ‘కంట్రోలర్’ అన్న తోక తగిలించిన స్థానం ఉంటే, లోపలి అమరికకు కట్టిన అసలు కంట్రోలర్ దానిలోకి వస్తుంది. పేర్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గాని, ఆ తోక ఇంగ్లీషు అక్షరాలలో, మొదటి అక్షరం పెద్దదిగా ఉండవలె. స్థానం ప్రైవేటు అయితే దాని మీద ‘ఎఫ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్’ గుర్తింపు పెట్టడం మరవరాదు.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఇంక్లూడ్ పంక్తిలో ‘తూకం’ అని రాసి, కంట్రోలరులో ‘తూకపుకంట్రోలర్’ అని రాశాను. వ్యాకరణం ప్రకారం నాదే అందంగా ఉన్నది! లోడరుకు వ్యాకరణం రాదు, అక్షరాలు కలవకపోతే ఆ స్థానాన్ని మౌనంగా ఖాళీగా వదిలేస్తుంది. పేరు తప్పని ఒక్క ముక్క చెప్పదు.

6. జాగ్రత్తలు

విద్యార్థులు తరచుగా పడే గుంటలు మరికొన్ని:

ఒకటి, ఇంక్లూడ్ పంక్తికి గుర్తు పేరే పెట్టకపోవడం. తెర కనబడుతుంది గనుక అంతా సరిగానే ఉన్నదనిపిస్తుంది. కాని బయటివానికి లోపలివాని చేయి అందదు.

రెండు, కోడులో లోడరును స్వయంగా వాడేటప్పుడు ‘లోడ్’ జరగక ముందే కంట్రోలరును అడగడం. పుట్టనిదాన్ని అడిగితే ఖాళీయే వస్తుంది. ముందు లోడ్, తర్వాత కంట్రోలర్.

మూడు, ఒకే అమరికను రెండు చోట్ల చేర్చినప్పుడు రెండు కంట్రోలర్లు పుడతాయన్న సంగతి మరవడం. రెండు కాంటాలకు రెండు తూకం తెరలు పెడితే, రెంటికీ వేరు గుర్తు పేర్లు ఇవ్వవలెను.

నాలుగు, లోపలి కంట్రోలరు ‘ఇనిషియలైజ్’లోనే బయటి నుండి రావలసిన సమాచారం ఉంటుందనుకోవడం. పైన చెప్పిన వరుస ప్రకారం అప్పటికి అది రాదు. సమాచారం అందుకోవడానికి వేరే పద్ధతి రాసి, బయటి ‘ఇనిషియలైజ్’ నుండి దాన్ని పిలవాలి. లేదా లోడరుకు ‘కంట్రోలర్ ఫ్యాక్టరీ’ ఇస్తే, కంట్రోలర్ పుట్టేటప్పుడే కావలసినది చేతికివ్వవచ్చును. లోపల చేర్చిన ఫైళ్లకు కూడా అదే ఫ్యాక్టరీ వర్తిస్తుంది.

రెండు లష్కర్లు పుట్టినారని అనుమానం వస్తే ఒక నాటు పరీక్ష చెప్తాను. కంట్రోలర్ కన్‌స్ట్రక్టరులో “నేను పుట్టాను” అని ఒక ప్రింటు పంక్తి పెట్టండి. ప్రోగ్రాము తెరవగానే ఆ మాట ఎన్నిసార్లు కనబడితే అన్ని కంట్రోలర్లు. నాకు ఆ రాత్రి రెండుసార్లు కనబడింది.

7. ఎవరు ఎవరితో మాట్లాడాలి

కలపడం తెలిసిన తర్వాత మరొక ప్రలోభం పుడుతుంది. రసీదు కంట్రోలర్ నేరుగా తూకం కంట్రోలరును పట్టుకుని దాని గడులలోని అంకెలు చదవవచ్చు గదా? చదవవచ్చు. కాని రేపు తూకం తెర మారిస్తే రసీదు కూడా చెడుతుంది. ఒక పిల్ల కాలువ రైతు పక్క పిల్ల కాలువ తూము తానే ఎత్తితే ఊళ్లో ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

అందుచేత నేను తర్వాత ఇట్లా మార్చాను. ఒక రైతు తెచ్చిన వడ్లన్నిటికీ కలిపి ‘లాట్’ అనే ఒక మోడల్ ఆబ్జెక్టు. ప్రధాన కంట్రోలర్ తన ‘ఇనిషియలైజ్’లో ఒకే లాట్‌ను పుట్టించి, ముగ్గురు లోపలి కంట్రోలర్లకూ దాన్నే అందిస్తుంది. తూకం తెర దానిలో సంచులు చేరుస్తుంది. సంచుల పట్టిక మార్పు చెప్పగల రకానికి చెందినది. కొత్త సంచి చేరగానే రసీదు తెర మొత్తం మారిపోతుంది. తూకానికి రసీదు అనేది ఒకటున్నదని తెలియదు, రసీదుకు తూకం సంగతి తెలియదు. ఇద్దరికీ లాట్ తెలుసు. ఇద్దరినీ కలిపినది పైవాడు. కుతాజ్ చెట్టు నియమము ఇక్కడ అక్షరాలా పనికి వచ్చినది.

లోపలివాడు పైవానికి ఏదైనా చెప్పవలసి వస్తే? పైవాని క్లాసు పేరు లోపలివాని కోడులో రాయరాదు. “తూకం ముగిసినప్పుడు ఈ పని చెయ్యి” అని పైవాడే ముందుగా ఒక పనిని లోపలివానికి ఇచ్చిపెట్టాలి. లోపలివాడు సమయం వచ్చినప్పుడు ఆ పనిని పిలుస్తాడు, అది ఎవరిదో అడగడు. అప్పుడు ఆ తూకం తెరను రేపు పత్తి కొనుగోలు ప్రోగ్రాములోనైనా తెచ్చి పొదగవచ్చును.

8. ఇతర చోట్ల

ఇది జావాకే పరిమితమైన గొడవ కాదు. ఆపిల్ వారి ఐఓఎస్‌లో ఒక వ్యూ కంట్రోలర్ లోపల మరొకదానిని పెట్టే పద్ధతిని 2011లో 5వ విడుదలతో అందరికీ తెరిచారు. అక్కడ లోపలి వ్యూను తెర మీద అతికిస్తే చాలదు, ఆ కంట్రోలరును ‘చైల్డ్’గా కూడా నమోదు చేయాలి. ఆండ్రాయిడ్‌లో ఫ్రాగ్మెంటు లోపల ఫ్రాగ్మెంటు 2012లో 4.2తో వచ్చింది. అక్కడ లోపలివాటిని పిల్లల మేనేజరుకు అప్పగించాలి. పొరపాటున పై మేనేజరుకు అప్పగిస్తే, తల్లి పోయిన తర్వాత కూడా పిల్ల మిగిలి చిక్కు పెడుతుంది. పేర్లు వేరు, నియమం ఒకటే: బొమ్మను పొదిగినంత మాత్రాన బంధుత్వం ఏర్పడదు, బంధుత్వాన్ని విడిగా చెప్పాలి.

అట్లాగని ప్రతి చిన్న తెరనూ ముక్కలు చేయనక్కరలేదు. రెండు గడులు, ఒక బటను ఉన్నదానికి ముగ్గురు కంట్రోలర్లు దండగ. ఆ ముక్క మరొకచోట పనికి వస్తుందా, లేక దాని పని విడిగా అర్థం చేసుకోదగినంత పెద్దదా? రెంటిలో ఒకటైనా అవునంటేనే విడగొట్టండి.

9. ముగింపు

మరుసటి యాసంగిలో సరిచేసిన ప్రోగ్రాము పట్టుకుని మళ్లీ అదే కేంద్రానికి పోయినాను. పుస్తకం రాసే అక్క ఒక షరతు పెట్టింది: ఆమె రిజిస్టరు ఆమె రాస్తుంది, నా డబ్బా నేను నడపాలి, సాయంత్రం రెండూ చూడాలి. సరేనన్నాను. ఇరవై రోజులు రెండూ కలిసినవి. ఇరవై ఒకటవ రోజు ఒక సంచి తేడా వచ్చింది. వెదికితే ఆ ఒక్కసారి ఆమె గీత తప్పింది. ఆమె నవ్వింది, కాని రిజిస్టరు మానలేదు. మానవద్దని నేను కూడా అన్నాను.

ఆ పెద్దమనిషి కూడా వచ్చాడు. చీటీ చేతికి తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని, పేరు చూడక ముందు అంకె చూశాడు. “ఈసారి ఉన్నయ్ బిడ్డా” అన్నాడు.

మిత్రులారా, మన ప్రోగ్రాములలో దోషం చూపి ఆగిపోయేవి మంచివి. దోషం చూపకుండా సున్న చూపేవి ప్రమాదకరమైనవి. నల్ పాయింటర్ అని ఎర్ర అక్షరాలు కనబడితే విసుక్కుని ‘న్యూ’ అని రాసి నోరు మూయించకండి. అది చివరి మడికి నీళ్లు అందడం లేదని చెప్పడానికి పరుగెత్తుకుని వచ్చిన మనిషి. అతణ్ణి కూర్చోబెట్టి, ఏ తూము దగ్గర తెగిందో అడగండి. పెద్ద కాలువ నిండుగా పారడం గొప్ప కాదు, ఆయకట్టు చివరి మడి తడిసిందా లేదా అన్నదే లెక్క.